ఐ హావ్ కంట్రోల్

మా సీనియర్ కెప్టెన్‌ను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాక్‌పిట్‌లో విమానాన్ని తన చేతిలోకి తీసుకునే పైలట్ ‘ఐ హావ్ కంట్రోల్’ అనాలి. ఈయన ఆ మాటను బయట కూడా వదిలేవాడు కాదు. ఉప్పల్‌లో బిర్యానీకి కూర్చుంటే, లెగ్ పీసున్న పళ్లెం తన వైపు లాక్కుంటూ అదే అనేవాడు.

విమానాలు ఎగరక నేల మీదే నిలిచిపోయిన గడ్డుకాలంలో, కొత్త పైలట్లను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపుతామంది కంపెనీ. ఏం చేద్దామని పైలట్లమంతా నాచారంలో ఆయన ఇంట్లో కూర్చున్నాం. కొత్తవాళ్లను మాత్రం ఆయన వరండాలోనే ఆపేశాడు.

మాకు జీతం ఎగిరే గంటలను బట్టే కాబట్టి, అందరం తలా కొన్ని గంటలు వదులుకుంటే ఎవరూ ఇంటికి పోనక్కర్లేదన్నాను.

“నా గంటల జోలికి రావొద్దు. ఎనుక వచ్చినోళ్లే ముందు పోవాలె. గదే పద్ధతి,” అన్నాడు. సీనియర్లంతా ఆయన మాటకే ఓటుగా చేతులెత్తారు.

చిల్కానగర్ నుంచి వచ్చిన కొత్తమ్మాయి తలుపు సందులోంచి అడిగింది. “ఏమైంది సార్? జర చెప్పున్రి.”

ఆయన నా భుజం తట్టాడు. “గిది నువ్వే చెప్పు తమ్మీ. యూ హావ్ కంట్రోల్.”

అవతలివాడు ‘ఐ హావ్ కంట్రోల్’ అని బదులు పలికితేనే ఆ అప్పగింత చెల్లుతుంది. నేను పలకలేదు. తలుపు బార్లా తెరిచి, ఆయనకు ఎదురుగా కుర్చీ వేసి ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను.