ఆరు చుట్టల చీర

మూడేళ్ళ కిందట, ఎండలు ముదిరిన రోజులు. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద నాకు చిన్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు ఉంది. నాది ఒక్కసారికి ఒక్క గుడ్డే కుట్టే మిషను, దాన్ని సింగిల్ హెడ్ అంటారు. పదిహేనేళ్ళుగా దానితోనే నా కాపురం. పెళ్ళి జాకెట్లు, పిల్లల లంగాలు ఎన్ని కుట్టానో గుర్తులేదు గానీ, ఆ వేసవిలో వచ్చిన ఒక పసుపు నూలు చీర మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

తెచ్చినామె పేరు పోలమ్మ. సముద్రపు ఒడ్డున ఊరు, చేపలు అమ్ముతుంది. అంతకుముందు నెల వాళ్ళ పడవ ఇంజను చెడిపోయి, ఆమె భర్తతో కలిపి ఆరుగురు రెండు రోజులు నడిసముద్రంలో ఉండిపోయారట. వాళ్ళు క్షేమంగా తిరిగొస్తే, తన చేత్తో పేనిన తాడు కుట్టించిన చీర ఊరి అమ్మవారికి కడతానని ఆమె మామ దాలయ్య మొక్కుకున్నాడు. పడవ ఒడ్డుకు చేరాకే తాడును చుట్ట చుట్టి పెట్టడం వాళ్ళ అలవాటు. అందుకని పైటకొంగు మీద ఆరు చుట్టలు కావాలి, మనిషికి ఒకటి. వచ్చే మంగళవారమే అమ్మవారి సంబరం, అంటే ఊరి జాతర. తాడు చూశాను. ఎర్ర పట్టుదారం మూడు పాయలుగా పేనింది, అగ్గిపుల్లంత లావు. చూడగానే ముచ్చటేసింది.

ఇలా తాడు కుట్టే పనిని కార్డింగ్ అంటారు. చూడనివాళ్ళు సూది తాడులోంచి దిగుతుందనుకుంటారు. దిగకూడదు. సూది పక్కన ఒక సన్నని గొట్టం ఉంటుంది, దాని పేరు గైడ్. స్టాండు మీది రీలు నుంచి తాడు ఆ గొట్టంలోంచి సూది ముందుకొచ్చి గుడ్డ మీద పడుకుంటుంది. సూది దానికి అటొక కుట్టు, ఇటొక కుట్టు వేస్తూ గుడ్డకు కట్టేస్తుంది. డిజైన్ ఎటు తిరిగితే గైడ్ కూడా అటు తిరుగుతుంది. గుండ్రటి డిజైన్లయితే బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది.

ఏ కొత్త తాడైనా ముందు పాత గుడ్డ మీద కుట్టి చూడాలి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట అదే. ఆ రోజు నేనే మానేశాను. బజారులో దొరికే డోరీ తాడు ఎన్నోసార్లు కుట్టిన చెయ్యి కదా అని ధీమా. మొదటి చుట్ట అందంగా వచ్చింది. రెండోది కొంచెం వదులుగా అనిపించినా ఊరుకున్నాను. మూడోదానికి తాడు పాయలు విడిపోయి ఉబ్బింది, సూది సరిగ్గా దాని మధ్యలో దిగింది, పట్టు పీచులా లేచింది. గబగబా మిషను ఆపాను.

మూడు చుట్టలూ విప్పితే గుడ్డ మీద వరసగా సూది చిల్లులు మిగిలాయి. అమ్మవారి పేరు చెప్పి కొన్న చీర మార్చకూడదు. చిల్లులు పడ్డ గుడ్డ అమ్మవారికి కట్టకూడదు. పైన ఏదో పువ్వు కుట్టి కప్పేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు. కానీ అది ఆరుగురి ప్రాణాల మొక్కు. పోలమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పి ఊరుకోకుండా, మీ మామ తాడు సరిగ్గా పేనలేదని కూడా అనేశాను. తప్పు ఒప్పుకుంటూనే సగం పక్కవాళ్ళ మీదికి తోసే గుణం నాకుంది.

ఆ మాట ముసలాయనకు తగలవలసిన చోటే తగిలింది. మర్నాడు పొద్దున్నే కోడల్ని వెంటబెట్టుకుని, కొత్తగా పేనిన తాడు చుట్ట చంకలో పెట్టుకుని దిగాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాను యాభై ఏళ్ళు తాడు పేనినాను. సముద్రంలో తెగనేదు. నీ మిసనులో ఇప్పుకుపోయిందేటి? ఏదీ, తిప్పు, సూస్తాను."

పాత గుడ్డ బిగించి నడిపాను. ఆయన గుడ్డనూ చూడలేదు, సూదినీ చూడలేదు. రీలుకూ గైడుకూ మధ్య వేలాడే తాడునే చూస్తూ నిలబడ్డాడు. రెండు చుట్టలయ్యేసరికి చెయ్యెత్తి ఆపమన్నాడు.

"పురికి ఎదురు తిరగతన్నాది సూడు. తాడు ఇలగ సుట్టినోడిని మావోళ్ళు పడవెక్కనివ్వరు."

అప్పుడు నా బుర్రకెక్కింది. నేను రోజూ వాడే డోరీ జడలా అల్లింది, దానికి పురి, అంటే పేనినప్పుడు పడే మెలిక, ఉండదు, ఎటు తిప్పినా ఒకటే. ఈయనది పేనింది. గైడ్ చుట్టూ తిరిగిన ప్రతిసారీ దాని పురి కొంత విడిపోతోంది. ఇన్నేళ్ళలో ఈ తేడా నాకు తట్టనే లేదు. మిషనులో మిర్రర్ అనే మీట ఉంది, డిజైన్‌ను అద్దంలో చూసినట్టు రెండో వైపుకు తిప్పుతుంది. అది నొక్కాను. ఈసారి పురి మరీ బిగిసి తాడు మెలిపడబోయింది. ఆయన అడక్కుండానే స్టాండు మీది రీలు తీసి చేత్తో పట్టుకుని, కాస్త వెనక్కి తిప్పి, ఎక్కిన మెలికను వదిలేశాడు. తాడు నున్నగా దిగింది.

చిల్లుల సంగతి పోలమ్మ తేల్చింది. కొత్త బట్టకు ఎలాగూ పసుపు పెట్టాలి కదా అని, గిన్నెలో పసుపు కలిపి, ఆ చోట్లు తడిపి గోటితో అటూ ఇటూ నిమిరింది. నూలు గుడ్డ కాబట్టి తడికి పోగులు దగ్గరికి జరిగాయి. ఆరాక దాలయ్య చీరను ఎండలోకి తీసుకెళ్ళి ఎత్తి పట్టుకుని చూశాడు, బొటనవేలితో తడిమాడు. ఆపైన "సరిపోతాది" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆరు చుట్టలూ పూర్తయ్యాయి. అంతసేపూ ఆయన మిషను పక్కనే నిలబడి రీలు తిప్పుతూనే ఉన్నాడు. ఒక్కో చుట్ట ముగిసినప్పుడల్లా పడవలో ఉన్న ఒక మనిషి పేరు మెల్లగా అనేవాడు. నాలుగోది కొడుకు పేరు. అది అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను దారం చూస్తున్నట్టు తల దించుకున్నాను గానీ, నాకూ కన్నీళ్ళాగలేదు. వెళ్ళేటప్పుడు నా పేరు అడిగాడు. లక్ష్మి అని చెప్పాను.

అప్పటినుంచి నా షాపుకు ఏ తాడు వచ్చినా ముందు రెండు వేళ్ళ మధ్య నలిపి పురి ఎటుందో చూస్తాను. పేనిన మనిషి దొరికితే ఆయన్నే అడుగుతాను. మిషను నాకు కుట్టడం నేర్పింది, తాడు సంగతి మాత్రం తాడు పేనేవాళ్ళకే తెలుసు.

ఆ మంగళవారం పోలమ్మ పిలిస్తే సంబరానికి వెళ్ళాను. చీర అమ్మవారి ఒంటిమీద ఉంది, ఎర్ర చుట్టలు కొంగు నిండా కనబడుతున్నాయి. ఆ ఆరుగురూ వరసగా నిలబడి ఉన్నారు. దాలయ్య నన్ను జనంలోంచి ముందుకు లాక్కెళ్ళి, చేతులు జోడించి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే అమ్మవారితో అన్నాడు.

"తాడు నాది, కుట్టు ఈ లచ్చిమిది. మావోళ్ళు ఆరుగురూ వచ్చీసినారు, సూసుకో తల్లీ."

నా పని మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అమ్మవారికి నా పేరు చెప్పినవాడు మాత్రం ఆయనొక్కడే.