ముట్టుకున్న పావు

నూజివీడులో ఒక స్కూలు హాల్లో అరవై దాటిన వాళ్లకి చెస్ పోటీ పెట్టారు. చివరి రౌండులో నాకు ఎదురు కూర్చున్నది ముసునూరు రైతు. ముప్పై ఏళ్లుగా పోటీల్లో మేమిద్దరం తలపడుతూనే ఉన్నాం. మామిడి అంట్లు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆ ఏడు ఆయన కుడిచెయ్యి వణకడం మొదటి రౌండు నుంచీ చూస్తున్నాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రెండు గంటలయ్యేసరికి నా ఆట పాడైంది. ఆయన గుర్రం కదిపితే ఇక నాకు దారి లేదు. ఆ ఎత్తు ఆయనా చూశారు. చెయ్యి చాచారు. వేళ్లు వణికి, పక్కనున్న మంత్రిని పట్టుకున్నాయి. కాస్త పైకి లేపి, ఉలిక్కిపడి దించేశారు. చదరంగంలో ముట్టుకున్న పావునే కదపాలి. మంత్రి కదిలితే ఆయన రాజుకి కాపలా లేదు.

నేను చెయ్యెత్తి, ఆటలో తీర్పు చెప్పే ఆర్బిటర్ అమ్మాయిని పిలిచాను.

“ముట్టుకున్నారా అండీ?” అని ఆ అమ్మాయి ఆయన్ని అడిగింది.

పొరపాటున తగిలితే లెక్కలోకి రాదు. చెయ్యి వణికిందని ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. నేనైనా అనొచ్చు. అనలేదు.

“ముట్టుకున్నానండి,” అన్నారాయన.

మంత్రిని పక్క గడిలోకి జరిపారు. మూడు ఎత్తుల్లో ఆట అయిపోయింది. కప్పు నాకిచ్చారు. హాలు ఖాళీ అవుతుంటే ఆర్బిటర్ నా దగ్గరికొచ్చి, “ఆయన చెయ్యి సంగతి ముందే చెప్పుంటే పావులు కదపడానికి ఒక మనిషిని ఇచ్చేవాళ్లం కదండీ. ఎవరూ చెప్పలేదు,” అంది.

ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే ముసునూరు వెళ్లాను. తోటలో కాయలు కోస్తున్నారు. వరండాలో ఆయన భార్య ఆయనకి చొక్కా గుండీలు పెడుతోంది.

“తప్పు చేశానండి. చెయ్యి వణికే తగిలిందని నాకు తెలుసు,” అన్నాను.

“మీకు తెలుసని నాకూ తెలుసు మాస్టారూ. చెబుతారేమోనని చూశాను.”

“మీరే చెప్పొచ్చు కదండీ.”

“నలుగురిలో నా చెయ్యి పోయిందని ఎలా చెప్పుకోను?”

“ఇంకోసారి ఆడదాం. ఎత్తులు మీరు చెప్పండి, మీ పావులు కూడా నేనే కదుపుతాను.”

“వద్దులెండి. కాఫీ తాగి వెళ్లండి.”

ఆవిడ ఇద్దరికీ కాఫీ తెచ్చింది. నేను లేచేదాకా ఆయన గ్లాసు అందుకోలేదు.

ఆ తర్వాత ఆయన ఏ పోటీకీ రాలేదు. మళ్లీ వెళ్లాలని చాలాసార్లు అనుకుని, ఏ మొహంతో వెళ్లాలో తెలియక మానేశాను. వానాకాలంలో పోయారని చాట్రాయిలో ఒకాయన చెబితే తెలిసింది. అప్పటికే సమాధి కూడా అయిపోయింది.