గోడకి అటూ ఇటూ నాగమణి

నూజివీడు మామిడి మార్కెట్లో లక్ష్మీనరసింహారావుకీ, ఆయన తమ్ముడు వెంకటకృష్ణారావుకీ కమిషన్ కొట్టు ఒక్కటే. మాటలే లేవు. రెడ్డిగూడెం తోట పంచుకునేటప్పుడు నూతి పక్క చెట్టు దగ్గర చెడింది. ఆ చెట్టునే కొట్టేశారు గానీ ఎడమొహం పెడమొహం పోలేదు. కొట్టు మధ్యన గోడ లేచింది. ఎనభై ఏడులో అన్న విజయవాడ నుంచి కంప్యూటర్ తెచ్చాడని తెలిసి, తమ్ముడు పట్టుబట్టి మద్రాసు నుంచి వేరే రకంది తెచ్చాడు. దాన్ని లోపల నడిపించే సిస్టమే వేరట. దీంట్లో ఎక్కించింది అది చదవదు, దాంట్లోది ఇది చదవదు. ఇంటి గుణం ఎక్కడికి పోతుంది?

అందుకే నాగమణి కావాల్సొచ్చింది. టెన్త్ పాసై టైపు నేర్చుకున్న పిల్ల. వాళ్లమ్మ మంగమ్మ అదే మార్కెట్లో కాయల గంపలు మోస్తుంది. ఏ తోట కాయ ఏ లారీకి ఎక్కిందో అన్నగారి మిషన్లోంచి కాగితం మీదికి తీసుకుని, గోడ చుట్టూ తిరిగొచ్చి, తమ్ముడిగారి దాంట్లో మళ్లీ కొట్టడం నాగమణి పని. పనిలో పనిగా మాటలూ మోసేది. "ఆ మొద్దు వెధవని లారీ తొందరగా పంపమను" అని పెదబాబుగారంటే, ఇటొచ్చి, "లారీ కాస్త పెందలాడే పంపితే బావుంటుందంటున్నారండీ" అనేది. "పెద్దరికం వెలగబెట్టాడులే" అని చినబాబుగారంటే, అటెళ్లి, "అలాగేనన్నారండీ" అనేది. ఆ అబద్ధాలకి వేరే జీతమేం లేదు.

ఓ వేసవిలో బసవపున్నారావనే ఇంజినీరు విజయవాడ నుంచి వచ్చి, గోడకి కన్నం పొడిచి, రెండు మిషన్లకీ వైరు కలిపాడు. "ఇక మధ్యలో మనిషితో పన్లేదండీ" అన్నాడు. నాగమణి తన కుర్చీ వంక చూసుకుంది. అది దిగి అమ్మలా గంప ఎత్తుకోవాలంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? "ఈ సీజను దాకా ఉండమ్మా" అన్నాడు పెదబాబుగారు.

ఒక్కటే నియమం. ఇటు పంపే మీట నొక్కేసరికి అటు తీసుకునే మీట నొక్కి ఉండాలి. లేకపోతే మిషను కాసేపు చూసి మానేస్తుంది.

"అదెంతండీ, కన్నంలోంచి ఒక్క మాట చెప్పుకుంటే సరి" అని ఇంజినీరు బస్సెక్కేశాడు. పాపం, ఆయనకేం తెలుసు.

మర్నాడు అన్న గొంతు సవరించుకుని కన్నంలోకి, "పంపుతున్నా" అన్నాడు. తమ్ముడు "ఊఁ" అన్నాడు. ఏళ్ల తర్వాత మొదటి మాట. అరుగు మీద కూర్చున్న నాగమణికి ఏడుపొచ్చింది. వాళ్లు కలిసినందుకో, తన కుర్చీ పోయినందుకో ఆమెకే తెలీదు.

రెండ్రోజులు బాగానే నడిచింది. తర్వాత ఓ పొద్దున తమ్ముడు ఆలస్యం చేశాడు.

"ఇంకా నొక్కలేదా? చిన్నప్పట్నుంచీ నీది నత్తనడకే."

"చెట్టు కొట్టించేటప్పుడు నీ చెయ్యి చురుగ్గానే ఆడిందిలే."

ఇక నూతి పక్క చెట్టు వేళ్లతో సహా బయటికొచ్చింది. అన్న తన తుండుగుడ్డ ఉండచుట్టి, వైరు పక్కనే కన్నంలో కుక్కేశాడు. బయట లారీ నిండా కాయ, లెక్క అటు చేరక ఎండలో మగ్గిపోతోంది.

"నాగమణీ" అని గోడకి రెండు పక్కల్నుంచీ ఒకేసారి పిలుపు వచ్చింది.

ఆమె చీర దులుపుకుని లోపలికెళ్లింది.

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు" అన్నాడు పెదబాబుగారు. "పంపుతున్నానని ఆ మొద్దు వెధవకి చెప్పు."

నాగమణి గోడ చుట్టూ తిరిగొచ్చింది. "చినబాబుగారండీ, అన్నగారు పంపుతున్నారంట. మీకు వీలైతే తీసుకుంటారేమో అడగమన్నారు."

"అలా మర్యాదగా అడిగితే ఎవరు కాదన్నారు?" అని తమ్ముడు మీట నొక్కాడు.