పొడుగు రాసే గడిలో దొంగదారి

2023 మాఘమాసం. కరీంనగర్‌లో ఒక పెళ్లిసంబంధాల కేంద్రం వెబ్‌సైట్ బాగోగులు చూసే పని నాకు కొత్తగా వచ్చింది. దాన్ని తయారుచేసింది వేరెవరో. అప్పగించేటప్పుడు "అంతా బాగుంది" అన్నారు. ఆ మాట వింటే నాకు ఎప్పుడూ అనుమానమే.

అనుకున్నట్టే నస్పూర్ నుంచి రాజవ్వ ఫోన్ చేసింది. ఆమె భర్త బొగ్గుబాయిలో కార్మికుడు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు.

"బిడ్డా, పొడుగు కాడ కొడితే ఎర్రక్షరాలు వస్తున్నయి. ఇంగ్లీషుల ఏందో తిడుతున్నది."

పక్కనే ఉన్న కేంద్రం యజమాని తేలిగ్గా తీసుకున్నారు. "సెంటీమీటర్లల్ల రాయమను మేడం, ఫికర్ లేదు." ఆ మాటే ఆమెకు చెప్పాను.

"పిల్లను సూడ వచ్చినోళ్లు సెంటీమీటర్లు అడుగుతరా? నువ్వే చెప్పు!"

నవ్వొచ్చింది. "సరే చిన్నమ్మా, ఏం కొట్టిండ్రు?"

"అందరు రాసేదే. 5'4."

నా నవ్వు ఆగిపోయింది. అడుగులకు గుర్తుగా ఆమె పెట్టిన ఆ చిన్న గీతకు, అందరి వివరాలు దాచే డేటాబేస్ భాషలో "రాసింది ఇక్కడితో అయిపోయింది" అని అర్థం. వెబ్‌సైట్ డేటాబేస్‌కు పంపే ఆదేశాన్ని క్వెరీ అంటారు. ఇక్కడ మనుషులు టైపు చేసినదాన్ని తెచ్చి నేరుగా క్వెరీలో అతికించేశారు. ఇక ఏది ఆదేశమో, ఏది మనిషి రాసిందో డేటాబేస్‌కు తెలియదు. పేరేమిటని అడిగితే "రమ, బీరువా తాళాలు ఇచ్చెయ్యండి" అన్నవాళ్లకు తాళాలు ఇచ్చేసే అమాయకుడి తీరు అది. రాజవ్వ గీత దగ్గర సైటు తడబడి ఆగింది. అదే గీత తర్వాత ఒక దుర్మార్గుడు సొంత ఆదేశం రాస్తే, ఆడపిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు వాడి చేతిలో పడేవి. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు.

సైటు వెంటనే ఆపాలన్నాను.

"ముహూర్తాలప్పుడా? పరేషాన్ చెయ్యకు మేడం!" అన్నారు యజమాని.

"సార్, మీ బిడ్డ ఫొటో గూడ అండ్లనే ఉన్నది గదా?"

"అయితే ఆపెయ్యి మేడం" అన్నారు.

సైటు ఆపి, ప్రతి గడి వెనకాలా పారామీటరైజ్డ్ క్వెరీ పెట్టాను. అంటే ఆదేశం విడిగా, మనిషి రాసింది విడిగా వెళ్తాయి. ఎవరేం రాసినా అది రాతగానే ఉంటుంది. తర్వాత సైటులోకి ఎవరెప్పుడు వచ్చారో చెప్పే పాత రికార్డులన్నీ వెతికాను. ఎవరూ చొరబడిన జాడ లేదు. కడుపులో పాలు పోసినట్టయింది.

రాజవ్వకు ఫోన్ చేశాను. "చిన్నమ్మా, మీరు పట్టువట్టబట్టే ఇంతమంది ఆడపిల్లల నంబర్లు భద్రంగున్నయి. మీ పున్నెం."

"గదంత నాకు తెల్వది బిడ్డా. నా పిల్ల పొడుగు తీసుకుంటదా, లేదా?"

"తీసుకుంటది చిన్నమ్మా."

ఆమె సరేనని సెంటీమీటర్లు రాసి ఉంటే నేను ఆ గడి వైపు చూసేదాన్నే కాదు. అందుకే ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా "ఇంకోలా రాయండి" అనను. "ఏం రాసిండ్రు?" అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ రాజవ్వకు మనసులోనే దండం పెట్టుకుంటాను.