దిగి చూసి దాటిన మనిషి

మంగళవారం పొద్దున హాడో రేవులో డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మావయ్య పోయాడురా" అంది. "నిన్ననే కదా మాట్లాడాను!" అన్నాను, నిన్న మాట్లాడిన మనిషి ఇవాళ పోకూడదన్నట్టు.

మావయ్య అమ్మకు తమ్ముడు, అక్కను 'అప్పా' అని పిలిచేవాడు. ఉప్పుకాలువ అవతల ఊళ్లో ఉండేవాడు. ముప్పై ఏళ్లు ఒకే జీపు నడిపాడు. దాని ముందు చక్రాలకు ఇంజన్ బలం అందాలంటే కిందికి దిగి, ఒక్కో చక్రం మధ్యనున్న లాకును చేత్తో తిప్పాలి. నేను కొన్న కొత్త బండిలో ఆ తిప్పలు లేవు, సీటు పక్కనే ఒక బటన్.

"కూర్చున్నచోటే పని కానిచ్చేస్తాను మావయ్యా" అని ఏడిపించేవాణ్ణి.

"అదేరా నా బాధ. దిగనోడికి నేల సంగతేటి తెలుస్తాది?" అనేవాడు.

కాలువ దగ్గర ఆయనకో పద్ధతుండేది. లాకులు తిప్పి, చెప్పులు విడిచి, వెదురు కర్రతో పొడుచుకుంటూ అవతలి గట్టుదాకా నడిచి వచ్చి, అప్పుడు జీపెక్కేవాడు. నీళ్లు చీలమండ దాటని రోజుల్లోనూ అంతే. వెనక కూర్చున్నవాళ్లు విసుక్కునేవారు. నేనైతే నవ్వేవాణ్ణి.

రెండేళ్ల కిందట వానాకాలంలో, వాళ్లింట్లో ఉండగా అమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. ఆసుపత్రికి వెళ్లాలంటే కాలువ దాటాలి. సముద్రం పోటు మొదలై నీళ్లు పైకి వస్తున్నాయి. అమ్మను నా బండిలో పడుకోబెట్టాం. మావయ్య జీపులో వెనకాలే బయల్దేరాడు. నేను బటన్ నొక్కి సరాసరి కాలువలోకి దించేశాను.

సగంలో ముందు చక్రం గోతిలో దిగబడింది. ఎంత తొక్కినా ఇంజన్ బలం అందదు. చక్రం జారుతోందని బండి తనే బలం తగ్గించేస్తోంది. ఎదురుగా ఎర్ర దీపాలు వెలిగాయి. తలుపు కింది నుంచి నీళ్లు కారి నా కాళ్లు తడిశాయి. వెనక అమ్మ ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

మావయ్య గట్టు మీద జీపు ఆపాడు. దిగాడు. ఒక లాకు తిప్పాడు. చుట్టూ తిరిగి వెళ్లి రెండోది తిప్పాడు. చెప్పులు విడిచి కర్ర తీసుకున్నాడు!

"ఇప్పుడు నడకలేంటి మావయ్యా! పానీ లోపలికొచ్చేస్తోంది! జల్దీ!" అని గొంతు చించుకున్నాను. ఆ క్షణాన ఆయన మీద అసహ్యం వేసింది. దాచను.

"అరవకు. ఆవిడ నాకు అప్ప కాదేట్రా? నేనూ దిగబడిపోతే తీసేవోడెవడు?"

తొడల్లోతు నీళ్లలో పొడుచుకుంటూ పోయి, మడచెట్ల వేళ్ల పక్కన గట్టి నేల పట్టుకున్నాడు. వెనక్కొచ్చి, అదే దారిన జీపును నా బండి పక్కగా నడిపి, అవతలి గట్టెక్కించి, నా బండికి తాడు కట్టాడు. "ఆ కంప్యూటర్‌ది బంద్ చెయ్. మెల్లగా రేసియ్యి" అన్నాడు. నా బండి మూలుగుతూ పైకొచ్చింది.

అమ్మను జీపులోకి మారుద్దామన్నాను. వద్దన్నాడు. "తారు రోడ్డు మీద నీ బండే బేగెలిపోద్ది. పో."

అద్దంలో చూస్తే జీపు ముందు వంగి కూర్చుని లాకులు వెనక్కి తిప్పుతున్నాడు. పని అవగానే తిప్పెయ్యకపోతే ముందు ఇరుసు అరిగిపోతుందని ఆయన పట్టింపు. అమ్మ ఆ పూట దక్కింది. మావయ్య ఆ సంగతి ఎక్కడా ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, "నీ బండి మంచిదేరా. దిగాల్సింది నువ్వు" అన్నాడు.

మంగళవారం కాలువ దగ్గర నేను దిగి, నడిచి చూసి దాటాను. ఇల్లంతా జనం. ఆ పొద్దునే జ్వరంతో ఉన్న ముసలామెను కాలువ దాటించి వచ్చాడట. గుండె బరువుగా ఉందని నడుం వాల్చాడట. మళ్లీ లేవలేదు.

పాకలో జీపు దగ్గరికి వెళ్లాను. ముందు చక్రాల మీద బురద ఇంకా ఆరలేదు. రెండు లాకులూ బిగించినట్టే ఉన్నాయి. ముప్పై ఏళ్లలో ఆయన వాటిని అలా వదిలింది లేదు. తిప్పబోయి ఆగాను.

అమ్మ వచ్చి పక్కన నిలబడింది. లాకుల వైపు చూసింది.

"తిప్పెయ్రా. అలాగొదిలేస్తే ఆడికి నచ్చదు."

ఒకటి తిప్పాను. రెండో దాని దగ్గర అమ్మే వంగి, నా చేతి మీద చెయ్యి వేసింది. ఇద్దరి వేళ్లకూ కాలువ బురద అంటుకుంది.