కామాక్షమ్మకు నేర్పిన మెత్తని ఇంగ్లీషు

పందొమ్మిది వందల అరవై ఒకటిలో, గూడూరులో, రెండే రెండు ఇంగ్లీషు మాటలతో ఒక మనిషికి సర్కారు ఉద్యోగం ఇప్పించినవాణ్ణి నేను. సిఫారసు లేదు, కాళ్ళావేళ్ళా పడింది లేదు. ఆ రెండు మాటలు నా నోటి నుంచి ఆమె నోటికి, ఆమె నోటి నుంచి ఆఫీసరు చెవికి వెళ్ళాయి. ఉద్యోగం వచ్చింది. నలభై ఏళ్ళుగా ఈ సంగతి ఇలాగే చెప్పుకుంటున్నాను.

అప్పట్లో నిమ్మకాయల మండీ పైన ఒక గది అద్దెకు తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఒక బల్ల, రెండు బెంచీలు, గోడ మీద నల్లరంగు పూసిన జాగా. అదే నా కాలేజీ. వచ్చేవాళ్ళు ఎక్కువగా అభ్రకం కంపెనీల గుమాస్తాలు. వాళ్ళు లేచి వెళ్ళాక బెంచీల మీద అభ్రకం పొడి సన్నగా మెరుస్తూ ఉండేది. తుడవబుద్ధి అయ్యేది కాదు. చివరి గుమాస్తా మెట్లు దిగాక, మర్నాడు పొద్దున హోటల్లో సర్వరు ఏం కావాలని అడిగేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు.

నా పాఠాల్లో పేరుపడింది ఒక్కటే. మోడల్ వెర్బుకు యాడ్వెర్బు జత చేయడం. కెన్, మే, మైట్, విల్ లాంటివి మోడల్ వెర్బులు. జరగవచ్చా, జరుగుతుందా అన్నది వాటితో చెబుతాం. పక్కన చేరే పాసిబ్లీ, సర్టెన్లీ లాంటి మాట యాడ్వెర్బు. ఆ 'జరగవచ్చు'ను ఎంతవరకు నమ్మవచ్చో అది చెబుతుంది. 'మే' అంటే రావచ్చు. 'మే వెల్' అంటే వచ్చేటట్టే ఉంది. 'మైట్ జస్ట్' అంటే ఏ మూలో ఇంత ఆశ. 'విల్ డెఫినెట్లీ' అంటే ఇక తలుపు తీసి నిలబడవచ్చు. గుమాస్తాలకు నేను మెత్తనివే నేర్పేవాణ్ణి. సరుకు కొనే దొరతో కాదు అనకూడదు గదా. 'వియ్ కుడ్ హార్డ్లీ' అనాలి. మాకు కొంచెం కష్టమేనండీ అన్నట్టు.

కామాక్షమ్మది చిట్టమూరు వైపు వ్యవసాయ కుటుంబం. ఆమె ఇరవై ఆరో ఏటే భర్త పోయాడు. ఎస్సెస్సెల్సీ ప్యాసయింది. గూడూరులో టెలిఫోన్ ఆపరేటర్ పోస్టు పడితే దరఖాస్తు పెట్టి, మేనత్త ఇంట్లో దిగి, నా దగ్గర చేరింది. మొదటిరోజే తేల్చి చెప్పింది.

"ఈ ఉద్యోగం రాకపోతే మా బావ నన్ను అత్తగారింటికి తీసకపోయేదానికి బండి కట్టుకోని వచ్చేస్తాడు అయ్యవారూ. ఆ ఇంట్లో అంతమందికీ నేనే వండి పెట్టాల. చచ్చేదాకా పొయ్యి ముందరే. నాకు ఇంగిలీసు మీదేం మోజు లేదు. ఉద్యోగం కావాల."

"ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వచ్చేటట్టే ఉందమ్మా."

"వచ్చేటట్టుందంటే? వస్తాదా, రాదా?"

ఆ రోజుల్లో పైఊరితో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఎక్స్ఛేంజిలో బోర్డు ముందున్న ఆపరేటర్ లైను ఖాళీ అయినప్పుడు కలుపుతుంది. అందాకా మద్రాసుతో మాట్లాడాల్సిన నిమ్మకాయల వ్యాపారి ఫోనులో అరుస్తూనే ఉంటాడు. ఆ అరుపును చల్లార్చే ఇంగ్లీషు నేర్పాను. "యూ మే పాసిబ్లీ గెట్ ఇట్ సూన్, సార్." కాసేపట్లో దొరికే అవకాశం లేకపోలేదండీ అని.

"లైను తెగిపోయున్నా ఇదే చెప్పాల్నా?" అంది.

"ఇదే చెప్పాలి. ఆయన మనసు కష్టపెట్టకూడదు."

"అప్పుడాయన పొద్దుగూకేదాకా ఫోను కాడే కూసోనుంటాడు. అన్నానికి కూడా పోడు."

"అది ఇంగ్లీషు మర్యాదమ్మా."

"మా బావ కూడా ఇంత మర్యాదగానే మాట్లాడతాడు," అని పుస్తకం మూసింది.

ఇంటర్వ్యూ నెల్లూరులో. తోడుగా నేనూ వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాను. మద్రాసు లైను తెగింది, అవతల వ్యాపారి అరుస్తున్నాడు, ఏం చెబుతావని ఆఫీసరు ఇంగ్లీషులో అడిగాడు. నా పెదవులు 'మే పాసిబ్లీ' అని కదులుతున్నాయి. కామాక్షమ్మ గొంతు ఖంగుమంది. "సార్, యూ విల్ డెఫినెట్లీ నాట్ గెట్ ఇట్ టుడే. ప్లీజ్ గో హోమ్. ఐ విల్ సర్టెన్లీ కాల్ యూ వెన్ ఇట్ కమ్స్." ఈరోజు దొరకనే దొరకదు, ఇంటికి వెళ్ళండి, వచ్చినప్పుడు తప్పకుండా నేనే పిలుస్తాను అని. ఆఫీసరు పెద్దగా నవ్వి, ఇన్నాళ్ళకు నమ్మదగిన ఆపరేటర్ దొరికింది అన్నాడట.

'అన్నాడట' అని చెయ్యి జారి రాసేశాను కనక నిజం చెప్పేస్తాను. నేను కిటికీ పక్కన లేను. ఎదురుగా టీ కొట్టులో ఉన్నాను. ఇదంతా తిరుగు రైల్లో ఆమె చెబితే తెలిసింది. ఇక నేను ఇచ్చానన్న ఆ రెండు మాటలు, డెఫినెట్లీ, సర్టెన్లీ. వాటిని నా గోడ మీద రాసిన మాట వాస్తవమే. ఆపరేటర్ నోట రాకూడని మాటలుగా రాశాను.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు కామాక్షమ్మ మైసూరుపాకు పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. గుమాస్తాలు ఇంకా రాలేదు. తెలుగులో అడగడానికి నాకు నోరు పెగల్లేదు. తెలుగులో అడిగితే అడిగినట్టే. ఇంగ్లీషులోనైతే పాఠమని తప్పుకోవచ్చు. "కామాక్షమ్మా, కుడ్ యూ పాసిబ్లీ మ్యారీ మీ?" అన్నాను. ఆమె పొట్లం బల్ల మీద పెట్టి, కింద మండీ వైపు చూసి, "చూద్దాం అయ్యవారూ" అని వెళ్ళిపోయింది.

ఆ మాటను నేను 'మే వెల్' కింద జమకట్టుకున్నాను. తొందరపెట్టడం మర్యాద కాదని మళ్ళీ అడగలేదు. సాయంత్రాలు మెట్ల మీద చెప్పుల చప్పుడు వింటే చొక్కా సర్దుకునేవాణ్ణి. పైకి వచ్చేది ఎవరో గుమాస్తా. రెండేళ్ళకు దాన్ని 'మే'కు దించాను. ఆమెకు ఒంగోలు బదిలీ అయినప్పుడు స్టేషనుకు వెళ్ళి పెట్టె అందించి వచ్చాను. ఆ రోజు 'మైట్'కు దించాను. అభ్రకం కంపెనీలు ఒక్కొక్కటే మూతపడి, బెంచీలు ఖాళీ అయ్యాక 'మైట్ జస్ట్' దగ్గర ఆగాను. దాని కింద నాకు తెలిసిన మెట్టు లేదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే, ఒకావిడ ఇంకా ఆలోచిస్తోందని చెబుతూ వచ్చాను.

ఈ అనుభవం నాకేం నేర్పిందో రాయబోతూ, ఎందుకైనా మంచిదని, రిటైరై గూడూరుకే వచ్చేసిన కామాక్షమ్మకు పోయిన ఆదివారం ఇంతవరకూ చదివి వినిపించాను. కదలకుండా విన్నది.

"చూద్దామని నేనెప్పుడన్నా?"

"అన్నావు గదా, మండీ వైపు చూసి."

"మండీ వైపు చూసింది మీ మొహం చూడలేక. కుదరదు అన్నా. తెలుగులోనే అన్నా. ఒకరింట్లో వండేది తప్పించుకునేదానికి తెచ్చుకున్న ఉద్యోగం అయ్యవారూ అది. చేరి చేరగానే ఇంకొకరింటికి వండేదానికి ఎట్టొస్తాననుకుంటిరి? రెండుసార్లు చెప్పినా. మీరు మైసూరుపాకు తింటా ఉండారు."

ఆమె నా చేతిలోని కాగితాల వంక కాసేపు చూసింది.

"ఇంకోసారి అడిగుంటే ఇంకోసారి చెప్పేదాన్ని గదా, కుదరదని. మీరు ఇంకెవరినన్నా చేసుకోనుండేవాళ్ళు."