సవతికి అయిదు కిలోలు

మొగుడి చొక్కా జేబుకు ఊడిన కుట్టు వేయబోయి దర్జీ ఆవిడ చెయ్యి ఆపింది. జేబు మూల గరగరలాడుతోంది. వేలితో ఒక పలుకు తీసి నాలుక మీద వేసుకుంది. పంచదార!

రెండేళ్ళ కిందట డాక్టరు ఆయనకు షుగర్ ఉందని తేల్చిన రోజే ఆవిడ పంచదార డబ్బాలో గుండీలు పోసేసింది. కూతురి టీలోకి కావలసిన కాస్తా బీరువాలో, చీరల మడతల మధ్య ఉంటుంది. "ఇక ముట్టను" అని ఆయన మాటిచ్చాడు. కాంక్రీటు లారీ, అదే, వెనక పెద్ద డ్రమ్ము గిరగిరా తిరుగుతుంటుందే, దాన్ని ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న మనిషి. తోటి డ్రైవర్లంతా "పంచదార బాబాయ్" అంటారు. మాట తియ్యన గనక అంటున్నారేమోనని ఇన్నాళ్ళూ మురిసిపోయింది పిచ్చి ఇల్లాలు.

సాయంత్రం వీధి చివర కొట్టువాడు అగ్నికి ఆజ్యం పోశాడు.

"ఏంటక్కా, పంచదార తెగ వాడేస్తున్నారు? మొన్న బావ అయిదు కిలోలు పట్టుకెళ్ళాడు!"

ఆయన బూట్లు విప్పకముందే నిలదీసింది.

"అది నాక్కాదే. డ్రమ్ముకి."

"ఓహో, డ్రమ్ముక్కూడా షుగరేనా? డాక్టరుకి చూపించకపోయారా!"

కూతురు ఫక్కున నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు. నిరుడు ఆయన బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ మానడానికి మూడు నెలలు పట్టింది. పూటపూటా కట్టు మార్చింది తనే. ఆ మూడు నెలలు మళ్ళీ చూసే ఓపిక తనకు లేదు.

మర్నాడు క్యారేజీతో సహా లారీ ఎక్కి కూర్చుంది.

"నా సవతి సంగతేంటో నేనూ చూస్తా."

ఆయన రోజూ తుడిచి ముద్దుచేసే ఆ బండికి ఆవిడ పెట్టిన పేరది. సీటు వెనక సంచీలో పంచదార ఉండనే ఉంది. మెట్టు మీద చీమల బారు. ఇంకేం, దొంగ దొరికాడనుకుంది.

ప్లాంటులో కాంక్రీటు నింపుకుని సగం దూరం పోయేసరికి వంతెన మీద ఇనుప చువ్వల లారీ అడ్డంగా పడి ఉంది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. గంట గడిచింది, రెండు గడిచాయి. ఎండ మండుతోంది. ఆయన జోకులు ఆగిపోయాయి. మాటిమాటికీ దిగి డ్రమ్ము చప్పుడు వింటున్నాడు.

"బిగుసుకుంటోందే" అని ఇంజినీరుకు ఫోన్ చేశాడు. "సార్, ఈ లోడు ఇక స్లాబుకి పనికిరాదు. బండినైనా దక్కించుకుంటా."

"కానీ బాబాయ్, తొందరగా!"

సంచీ మొత్తం బకెట్టు నీళ్ళలో బోర్లించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాడు. నిచ్చెనెక్కి డ్రమ్ము నోట్లో పోశాడు.

"పంచదార పడితే సిమెంటు గట్టిపడదు. లేదంటే లోపలంతా రాయే. అప్పుడు మనిషి డ్రమ్ములో దూరి సుత్తితో పగలగొట్టాలి. పనిలో చేరిన కొత్తలో నాలుగు రోజులు కొట్టా. చెవుల్లో హోరు మన పెళ్ళినాటికీ తగ్గలేదు. నువ్వేమన్నా వినపడక సరేననేశా!"

ఆవిడ వినడం లేదు. చూపంతా ఆయన చేతి మీదే ఉంది. మోచేతి నుంచి తీపి కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. ఒక్క వేలైనా నోటి దగ్గరకు పోలేదు. పాతగుడ్డతో పైపైన తుడుచుకుని, ఆ చేతినే చొక్కా జేబులో దూర్చి ఫోన్ తీశాడు. జేబులోకి పలుకులు ఎలా వచ్చాయో ఆవిడకు అప్పుడు బోధపడింది. డ్రమ్ములో మూలుగు తగ్గి, మళ్ళీ కంకర గలగలలాడింది.

"క్యారేజీ విప్పనా?" అంది మెల్లగా.

ఆ సాయంత్రం కొట్లోకి తనే వెళ్ళింది.

"అయిదు కిలోల పంచదార."

"ఎవరికక్కా?"

"నా సవతికి."

కొట్టువాడు రెండుసార్లు తూచాడు.

ఇంటికొచ్చి, గుడ్డసంచీలో పోసి, దబ్బనంతో మూతి కుట్టసాగింది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

"ఇంకా నమ్మకం కుదర్లేదా?"

"కుదిరింది. అందుకే సిమెంటు బస్తా కుట్టు వేశా. ఈ కొస లాగితే ఒక్క ఊపున ఊడొస్తుంది, మీకు ఆలస్యం కాదు." పళ్ళతో దారం తెంపింది. "తిరిగి కుట్టడం మాత్రం మీకు రాదుగా!"